తప్పిన మాటకు మొదటి టీ

పోయిన మంగళవారం ఆటోనగర్‌లో ఒక చెక్కపెట్టెను చూసి, పదేళ్ల క్రితం నేను సంతకం పెట్టి చెప్పిన మాట తప్పిపోయిందని తెలుసుకున్నాను. షాపు ముందు అంతమంది మెకానిక్కుల మధ్య నిలబడి, చేతిసంచిని గుండెకు అదుముకుని, నాలో నేనే నవ్వుకున్నాను. షాపతను ఏమైందండీ అని అడిగాడు. ఏం లేదండీ, నేను అనుకున్నది జరగలేదు అన్నాను.

నేను వెళ్లింది ఇంట్లో ఫ్యాను బేరింగు కోసం. అతను అట్టపెట్టెలోంచి కొత్త బేరింగు తీసి, చెవి దగ్గర పెట్టుకుని, చూపుడువేలితో ఒక్క తిప్పు తిప్పి కళ్లు మూసుకున్నాడు. అలా వినే మనిషిని నేను పన్నెండేళ్లకు పైగా ప్రతి ఆదివారం చూశాను. ఆ తలపులోనే ఉండగా అతని వెనక వరసగా పేర్చిన చెక్కపెట్టెలు కనిపించాయి. వాటి మీద నల్లరంగుతో ఏదో ఆఫ్రికా రేవు పేరు అచ్చుకొట్టి ఉంది. అవేమిటని అడిగాను. లారీ కింద బరువు మోసే కమాను కట్టల్లో వేసే చిన్న గొట్టంముక్కల్లాంటి బుష్‌లనీ, మన మూడో రోడ్డులోని షెడ్డులోనే చేస్తారనీ, ఆఫ్రికా లారీలకు వెళ్తాయనీ చెప్పాడు.

వెంటనే భాయ్ గారికి చెప్పాలనిపించింది. షాపు మెట్లు కూడా దిగాను. ఆయన పోయి ఏడాది దాటిందని అప్పుడు గుర్తొచ్చింది.

ఆయన అసలు పేరు రాయను. పేరుతో పిలిచినవాళ్లను నేను చూడనూ లేదు. పటమటలో అందరికీ ఆయన భాయ్ గారే. ఆటోనగర్‌లో బేరింగుల షాపు. చదివింది ఎనిమిదో తరగతి. అరవై దాటిన మనిషి, తెల్ల చొక్కా, ఆ చొక్కా జేబులో ఎప్పుడూ ఒక చిన్న బేరింగు. మాట్లాడుతున్నంతసేపూ దాన్ని వేళ్ల మధ్య తిప్పుతూ ఉండేవారు. అది నెమ్మదిగా తిరుగుతుంటే ఆయన ఎదుటివాళ్ల మాట ఒప్పుకుంటున్నట్టు. గిర్రున తిరుగుతుంటే ఇంకాసేపట్లో లేచి నిలబడతారన్నమాట. చేతులు శుభ్రంగానే ఉన్నా జేబులోంచి గుడ్డ తీసి తుడుచుకున్నాకే పత్రికను ముట్టుకునేవారు.

మా నాన్న పటమటలో ఒక చిన్న గ్రంథాలయానికి లైబ్రేరియను. ఆదివారం చర్చి నుంచి వచ్చి అన్నం తిన్నాక, మూడున్నరకు నాన్నతో వెళ్లి నేనే కిటికీలు తెరిచి, బల్ల తుడిచి, వారం రోజుల పత్రికలు సర్దేదాన్ని. నాలుగింటికి చర్చ మొదలయ్యేది. దానికొక పేరు లేదు, బ్యానరు లేదు, అధ్యక్షుడు లేడు. విషయం మాత్రం ఎప్పుడూ పెద్దదే. దేశ భద్రత, విదేశాంగ విధానం, ఏ దేశం ఏ యంత్రంలో ముందుంది, ఎవరు ఎవరికి ఏది అమ్మనంటున్నారు. రాకెట్టు ఇంజను పరిజ్ఞానం ఇస్తామన్న రష్యా వాళ్లు అమెరికా కన్నెర్రజేస్తే వెనక్కి తగ్గినప్పుడు, మా గదిలో వరసగా మూడు ఆదివారాలు అదే గొడవ. పొలిటికల్ సైన్సు చెప్పే లెక్చరర్ గారు ఒప్పందాల సంగతి చెప్పేవారు. సైన్యంలో సిగ్నల్స్ విభాగంలో పనిచేసి వచ్చిన హవల్దారు గారు సరిహద్దుల సంగతి చెప్పేవారు. వాళ్లు చెప్పినంతసేపూ భాయ్ గారు తల ఒక పక్కకు వంచి, కళ్లు మూసుకుని వినేవారు. బేరింగును ఎలా వింటారో అలాగే. చివర్లో ఒకే ప్రశ్న అడిగేవారు.

"అంతా బాగానే ఉందండీ. ఏ ముక్క లేకపోతే ఈ బండి ఆగిపోద్ది?"

ఒప్పందం గురించైనా అదే ప్రశ్న, జలాంతర్గామి గురించైనా అదే ప్రశ్న. ఎంత పెద్ద బండైనా ఒక చిన్న ముక్క దగ్గరే ఆగుతుందని ఆయన నమ్మకం. ఆ ముక్క ఎవరి చేతిలో ఉందో కనిపెడితే ఎవరు ఎవరి మాట వింటారో తెలిసిపోతుందట. లెక్చరర్ గారు మొదట్లో ఈ ప్రశ్నకు విసుక్కునేవారు. తర్వాత్తర్వాత ఆయనే, ముక్క సంగతి చివర్లో చెప్తానుండండి భాయ్ గారూ, అంటూ మొదలుపెట్టేవారు.

భాయ్ గారు ప్రపంచాన్ని నేర్చుకున్నది అట్టపెట్టెల మీద. జపాన్‌లో ఏ ఊళ్లో ఉక్కు బాగుంటుందో, జర్మనీ పెట్టెకూ స్వీడన్ పెట్టెకూ అక్షరాల్లో తేడా ఏమిటో ఆయనకు తెలుసు. సోవియట్ యూనియన్ విడిపోయాక కూడా చాలాకాలం ఆ పేరుతోనే పెట్టెలు వస్తుండేవట. ఒక పెట్టెను గ్రంథాలయానికి తెచ్చి బల్ల మీద పెట్టి, చూడండి, లేని దేశం నుంచి సరుకు వస్తోంది, అని పసివాడిలా మురిసిపోయారు. పొద్దున్నే షార్ట్‌వేవ్ రేడియోలో విన్న విదేశీ వార్తలను ఖాళీ అట్టపెట్టెలు చింపి, వెనకవైపు తెలుగులో రాసుకుని వచ్చేవారు. ఆ అట్టముక్కలకు సన్నగా గ్రీజు వాసన వచ్చేది. విదేశాంగ విధానం అనే మాట పత్రికలో చదివితే నాకు ఇప్పటికీ ఆ వాసనే గుర్తొస్తుంది.

పుస్తకం సంగతి చెప్పాలి.

షాపులో ఆయనకు ఒక అలవాటుండేది. ప్రతి బేరింగునూ ఏ బండికి వేశారో, ఎంతకాలం మన్నుతుందని తను చెప్పారో ఒక పుస్తకంలో రాసుకునేవారు. మెకానిక్కు విరిగిన బేరింగు తెస్తే ఆ పేజీ తీసి, తన అంచనా ఎక్కడ తప్పిందో చూసుకునేవారు. ఒక ఆదివారం లెక్చరర్ గారు రెండేళ్లలో ఫలానా దేశం మనతో చేతులు కలుపుతుందని గట్టిగా అన్నారు. భాయ్ గారు లేచి నిలబడ్డారు. ఇనుప గుండ్లకే జవాబుదారీ ఉన్నప్పుడు మాటకు ఎందుకుండకూడదు అన్నారు. అప్పట్నుంచి మా గదిలో ఒక కట్టుబాటు వచ్చింది. జరిగినదాని గురించి ఎవరైనా ఎంతసేపైనా మాట్లాడొచ్చు. ఇలా జరగబోతోంది అని ఎవరన్నా అంటే మాత్రం అది పుస్తకంలోకి ఎక్కాలి. మాట, గడువు, సంతకం. గడువు తీరిన ఆదివారం దాన్ని పైకి చదివి, పక్కన నిలిచిందనో తప్పిందనో రాయాలి.

టీ కట్టుబాటు కూడా దాంతోనే వచ్చింది. అయిదింటికి హవల్దారు గారు ఎదురుగా ఉన్న హోటలు నుంచి తీగబుట్టలో గ్లాసులు పట్టుకొచ్చేవారు. ఆ రోజు ఎవరి మాటైనా తప్పి ఉంటే, దాన్ని వాళ్లే నోటితో ఒప్పుకుంటే, మొదటి గ్లాసు వాళ్లకు. ఒప్పు చెప్పినవాళ్లకు ఆఖరి గ్లాసు. ఇదేం న్యాయమని ఎవరో అడిగితే, ఒప్పు చెప్పినాయన సంతోషంతోనే కడుపు నింపుకున్నాడు కదండీ, టీ తప్పినాయనకే కావాలి, అన్నారు భాయ్ గారు. ఆ గదిలో మొదటి గ్లాసు అందరికన్నా ఎక్కువసార్లు తాగింది ఆయనే. తప్పానండీ అని చెప్పేటప్పుడు ఆయన ముఖం వెలిగిపోయేది. లెక్చరర్ గారు మాత్రం ఎప్పుడూ, ఒక విధంగా చూస్తే నేనన్నది నిజమే, అనేవారు. ఒక విధంగా అయితే మధ్య గ్లాసు తీసుకోండి మాస్టారూ, అనేవారు భాయ్ గారు.

నేను తొమ్మిదో తరగతిలో ఉండగా, చేతిరాత బాగుంటుందని ఆ పుస్తకం నాకు అప్పగించారు. గది మూలన బీరువా పక్కన కుర్చీ వేసుకుని కూర్చునేదాన్ని. రాయమన్నది రాసేదాన్ని. మాట్లాడేదాన్ని కాదు. మాట్లాడాలనిపించక కాదు. పత్రికలన్నీ నేనే సర్దేదాన్ని కాబట్టి అన్నీ చదివేదాన్ని. వాళ్లు వాదించుకుంటుంటే నాలో కూడా వాదన నడిచేది. నోటిదాకా వచ్చిన వాక్యం అక్కడే ఆగిపోయేది. ఒకసారి భాయ్ గారు హఠాత్తుగా నా వైపు తిరిగి, నువ్వేమంటావు బేటీ, అని అడిగారు. సిరా అయిపోయిందండీ అన్నాను. సరే, సిరా నింపుకున్నాక చెప్పు, అని ఊరుకున్నారు. తర్వాత రెండు మూడు నెలలకొకసారి, సిరా నిండిందా బేటీ, అని అడుగుతూనే ఉండేవారు.

సిరా మరో చోట ఖర్చయ్యేది. నాన్న బైండింగు షాపులో గ్రంథాలయం కోసం ఆరు పొడుగు పుస్తకాలు కుట్టించారు. గోధుమరంగు అట్ట, ఎర్ర కాలికో గుడ్డ వీపు. ఒకటి చర్చల పుస్తకమైంది. ఇంకొకటి నా డైరీ అయింది. ఆదివారం సాయంత్రం ఇంటికి వచ్చాక నా అభిప్రాయాలన్నీ అందులో రాసుకునేదాన్ని. ఎవరు ఎక్కడ పొరబడ్డారో, నేనైతే ఏమందునో రాసుకునేదాన్ని. పైకి ఒక్క మాట అనలేని నేను ఆ డైరీలో లెక్చరర్ గారిని ఎన్నిసార్లు ఓడించానో.

అణు పరీక్షలు జరిగిన ఏడాది మా గది కిటకిటలాడింది. ఎప్పుడూ రానివాళ్లు వచ్చారు. మనం పరీక్షలు చేశాం, పక్క దేశమూ చేసింది, మన మీద ఆంక్షలు వచ్చాయి. ఒక ఆదివారం ఒక కొత్తాయన వచ్చి కాసేపు విని, భాయ్ గారి వైపు తిరిగి, "పాకిస్తాన్ సంగతి మీరేమంటారో వినాలని ఉందండీ సాయిబు గారూ," అన్నాడు. ఆ గొంతులో ఏముందో అందరికీ తెలిసింది. నాన్న పత్రిక మడిచి పక్కన పెట్టారు.

భాయ్ గారు జేబులో బేరింగును తీశారు గాని తిప్పలేదు.

"తప్పకుండా చెప్తానండీ. చెప్పి సంతకం కూడా పెడతాను. ఈ గదిలో ముందు అడిగినాయన మాట రాస్తాం. మీరేమంటారు? రాయి బేటీ."

కొత్తాయన ఏదో గొణిగాడు. నేను కలం పట్టుకుని ఎదురుచూశాను. నా జీవితంలో అంత ధైర్యంగా ఒక మనిషి ముఖంలోకి అంతకుముందు చూడలేదు. ఆయన పని ఉందని లేచి వెళ్లిపోయాడు. అప్పుడు భాయ్ గారు తన మాట తను రాయించారు. యుద్ధానికి కావాల్సిన మిషన్లు వాళ్లూ చేయలేరు, మనమూ చేయలేం. కొనుక్కునే ఇద్దరు కొట్టుకున్నంతకాలం అమ్మేవాడు ఇద్దరికీ తలకాయ ఊపుతుంటాడు. అయిదేళ్ల గడువు పెట్టి సంతకం చేశారు. నేను అద్దుడు కాగితంతో పేజీ అద్దాను.

ఆ రోజుల్లోనే బెంజ్ సర్కిల్ దగ్గర ఒక పెద్ద హాల్లో సదస్సు పెట్టారు. ఢిల్లీలో విదేశాంగ వ్యవహారాల్లో పెద్ద హోదాలో చేసి రిటైరైన ఒక నిపుణుడు వస్తున్నారని, మన కృష్ణా జిల్లా మనిషేనని తెలిసి మా గదిలో పండగ వాతావరణం. భాయ్ గారు ఇస్త్రీ చొక్కా వేసుకుని, ఆయనతో పుస్తకంలో సంతకం పెట్టిద్దాం బేటీ, నువ్వు పుస్తకం తీసుకుని రా, అన్నారు. నాకు పదిహేడేళ్లు. ఆ మధ్యాహ్నం చర్చల పుస్తకాన్ని ఇంట్లో ముందేసుకుని, దానికి జవాబులు నా డైరీలో రాసుకుంటూ కూర్చున్నాను. నాన్న వీధిలోంచి టైమైందని కేకేశారు. బల్ల మీద ఉన్న రెండింట్లో ఒకటి సంచిలో వేసుకుని పరిగెత్తాను.

ఆ నిపుణుడు గొప్పగా మాట్లాడారు. నేను అలాంటి ఉపన్యాసం వినడం అదే మొదటిసారి. కంప్యూటర్లు, ఉపగ్రహాలు, ఆంక్షలు, ఎవరు ఎవరికి ఏ పరిజ్ఞానం ఆపుతున్నారు. చివర్లో ఆయన, ఆంక్షలు మన మంచికేనని, ఇవ్వనన్నవాళ్లే మనకు గురువులని, పదేళ్లలో కీలకమైన ప్రతి యంత్రమూ మనమే చేసుకుంటామని అన్నారు. చప్పట్లతో హాలు మోగిపోయింది. అందరికన్నా గట్టిగా కొట్టింది భాయ్ గారే. ప్రశ్నలు అడగొచ్చు అనగానే లేచి నిలబడ్డారు.

"సార్, పదేళ్లన్నారు. మాది పటమట. మా దగ్గర ఒక పుస్తకం ఉందండీ, జరగబోయేది ఎవరు చెప్పినా అందులో సంతకం పెడతారు. తమరు కూడా పెడితే సంతోషిస్తాం."

హాలంతా నవ్వులు. నిర్వాహకుడు కూర్చోమని చెయ్యి ఊపాడు. వేదిక మీద పెద్దాయన మాత్రం ముచ్చటపడి, ఏదీ ఆ పుస్తకం ఇలా ఇవ్వండి అన్నారు. నేను సంచిలోంచి తీసి ముందు వరసలో ఉన్న లెక్చరర్ గారికిచ్చాను. ఆయన పైకి అందించారు. పెద్దాయన కళ్లజోడు పెట్టుకుని, రిబ్బను ఉన్న పేజీ తెరిచి, సభకు వినోదంగా ఉంటుందని మైకులోనే చదవడం మొదలుపెట్టారు.

"భాయ్ గారు ఉత్సాహంలో పొరబడుతున్నారని నా అనుమానం."

అది డైరీ.

జనం నవ్వారు. ఆయన కూడా నవ్వుతూ మిగతా పేజీ చదువుతున్నారు. ఇవ్వనన్నవాళ్లు మనకు నేర్పుతారని లెక్చరర్ గారూ భాయ్ గారూ అంటున్నారు. ఆటోనగర్‌లో నేను చూసింది వేరు. కొత్త ముక్క దొరక్కపోతే మనవాళ్లు కొత్తది చేయడం నేర్చుకోవడం లేదు, పాతదాన్ని ఇంకో ఏడాది తిప్పడం నేర్చుకుంటున్నారు. అది గొప్ప నేర్పే. కానీ అది వేరే నేర్పు. లేకపోవడం ఒక్కటే ఎవరికీ ఏదీ నేర్పదు. ఉక్కు కావాలి, కొలిచే పనిముట్టు కావాలి, చెడిపోయినా మళ్లీ చేయనిచ్చే ఓపిక కావాలి. ఈ మూడూ ఇక్కడ నాకు కనిపించడం లేదు. పదేళ్లు గడిచినా ఆటోనగర్‌లో చేసిన ఒక్క ముక్క కూడా పరాయి దేశపు బండిలోకి ఎక్కదు.

సగంలోనే ఆయన నవ్వు ఆగిపోయింది. ఆయన పేజీ మీదనుంచి తలెత్తి, ఇది ఎవరు రాశారు అని అడిగారు.

మా వాళ్లందరికీ నా చేతిరాత తెలుసు. నాన్న చెప్పుల వైపు చూస్తున్నారు. హవల్దారు గారు పైన ఫ్యాను వైపు చూస్తున్నారు. లెక్చరర్ గారు కళ్లజోడు తుడుచుకుంటున్నారు. ఒక్కరు కూడా నా వైపు తిరగలేదు. ఆ దయ నాకు ఇప్పటికీ గుర్తుంది. తప్పించుకోవచ్చు అని కూడా అనిపించింది.

నా భయం మాత్రం భాయ్ గారి గురించి. అంతమందిలో ఆయన్ను పొరబడ్డారన్నాను. ఆయన తల పక్కకు వంచి, కళ్లు మూసుకుని ఉన్నారు. మరోసారి చదువుతారా సార్ అని అడిగారు. పెద్దాయన మళ్లీ చదివారు. ఈసారి ఎవరూ నవ్వలేదు. భాయ్ గారి వేళ్ల మధ్య బేరింగు తిరగడం మొదలైంది. నెమ్మదిగా మొదలై గిర్రున తిరిగింది.

"శబ్దం బాగుందండీ," అన్నారు కళ్లు తెరిచి. "నా మాటకు ఎదురుగానే ఉంది, కానీ బాగుంది. ఒక్కటే లోటు. సంతకం లేదు. సంతకం లేని మాట మా దగ్గర చెల్లదు. రాసినవాళ్లు వచ్చి సంతకం పెడితే, దానికి ఎదురు మాట కింద నేను పెడతాను. రాకపోతే కొట్టేయండి సార్."

కొట్టేయండి అన్న మాట నన్ను లేపింది. ఎలా నడిచానో తెలియదు. మెట్లెక్కి, ఆయన ఇచ్చిన కలంతో నా పేజీ కింద సంతకం పెట్టాను. పెద్దాయన మైకు నా వైపు జరిపి, చెప్పమ్మా, ఇంత రాసినదానివి సభకు ఏమైనా చెప్పు అన్నారు. వేలమంది ఉన్నారనిపించింది. రెండు మూడు వందలే ఉండి ఉంటారు.

"అది పుస్తకం కాదండీ," అన్నాను. "నా డైరీ. పుస్తకం ఇంట్లో ఉండిపోయింది."

హాలు ఘొల్లుమంది. నేనూ నవ్వాను. మైకులో నా నవ్వు నాకే పెద్దగా వినిపించింది, అయినా ఆపుకోబుద్ధి కాలేదు.

తర్వాత భాయ్ గారు పైకి వచ్చి, పదేళ్లలో ఆటోనగర్‌లో చేసిన బేరింగు పరాయి దేశపు బండిలో తిరుగుతుంది, అని నా చేతే నా సంతకం కింద రాయించి సంతకం చేశారు. పెద్దాయన వంతు వచ్చింది. ఉపన్యాసంలో చెప్పిన మాటే రాశారు. కలం కాసేపు గాలిలో ఆపి, పదేళ్లు అన్నది కొట్టేసి ఇరవై అని దిద్ది, అప్పుడు సంతకం పెట్టారు.

ఇంటికి నడుస్తున్నంతసేపూ భాయ్ గారికి అదే సంబరం. చూశారా, సంతకం అడిగితే పది ఇరవై అయింది, అని దారిలో కనిపించిన ప్రతివాళ్లకీ చెప్పారు. పటమట మలుపు దగ్గర నేను ధైర్యం చేసి, మీ గురించి అలా రాసినందుకు కోపం వచ్చిందా అండీ అని అడిగాను. ఆయన ఆగి నా వైపు చూశారు.

"మూడేళ్లుగా సిరా లేదన్నావు బేటీ. నా మీద నాకు అందుకొచ్చింది కోపం. అంత సిరా పక్కనే ఉంటే వాసన పట్టలేకపోయాను."

డైరీలోంచి ఆ పేజీని పుస్తకంలోకి ఎక్కించబోతే ఒప్పుకోలేదు. సంతకం ఎక్కడ పడితే అదే పుస్తకమన్నారు. మిగతా పేజీల గురించి ఎవరూ ఎప్పుడూ అడగలేదు. మాట్లాడటం నాకు అప్పటికప్పుడు వచ్చేయలేదు. కానీ ఆదివారం ఒకటో రెండో వాక్యాలు అనేదాన్ని. నేను నోరు తెరవగానే భాయ్ గారు బేరింగును జేబులో పెట్టేసుకునేవారు, ఆ చప్పుడు కూడా అడ్డురాకూడదన్నట్టు.

తర్వాత కొన్నేళ్లకు ఆటోనగర్‌కు చైనా బేరింగులు రావడం మొదలైంది. చవక సరుకని అందరూ నవ్వారు. భాయ్ గారు ఏటా ఒకటి గ్రంథాలయానికి తెచ్చి, నా చెవి దగ్గర పెట్టి తిప్పేవారు. మొదటి ఏడాది గరగరలాడింది. తర్వాతి ఏడాది గరగర తగ్గింది. నాలుగో ఏడాది తెచ్చినప్పుడు గాలి కదిలినట్టుగా తప్ప ఏమీ వినిపించలేదు. మనం వాళ్లకన్నా వెనకబడుతున్నామని చెప్పే ఆ చప్పుడు లేనితనాన్ని ఆయన ఎంత ఉద్వేగంతో వినిపించారో చెప్పలేను.

"వాళ్లు నేర్చుకుంటున్నారు బేటీ. మనం నవ్వుకుంటున్నాం. నీ మాటే నిలిచేటట్టుంది."

అలా అన్నప్పుడు ఆయన గొంతులో మొదటిసారి అలసట విన్నాను. నా మాట నిలవకూడదని నేను కోరుకోవడం ఆ రోజే మొదలైంది. ఆ కోరిక డైరీలో కూడా రాయలేదు. ఆయనకు చెప్పనూ లేదు. అది తీరకముందే ఆయన వెళ్లిపోయారు. ఆ తర్వాతి ఆదివారం మా గదిలో ఎవరూ జరగబోయేదాని గురించి ఒక్క మాట అనలేదు.

నిన్న ఆదివారం ఆ పేజీకి గడువు తీరింది. షాపతను ఊరికే ఇచ్చిన ఒక బుష్‌ను సంచిలో వేసుకుని, డైరీ తీసుకుని వెళ్లాను. ఈసారి తెలిసే తీసుకెళ్లాను. లెక్చరర్ గారికి ఇప్పుడు వినికిడి తగ్గింది. హవల్దారు గారు మోకాలి నొప్పితో కుంటుతున్నారు. నాన్న రిటైరైనా వస్తూనే ఉన్నారు. కొత్తవాళ్లు నలుగురున్నారు. బుష్‌ను బల్ల మీద పెట్టి, నిలబడి, పేజీ పైకి చదివాను. లెక్చరర్ గారి కోసం గట్టిగానే చదివాను. ఆటోనగర్ ముక్క పరాయి బండెక్కదని రాశాను, ఎక్కింది, నేను తప్పాను, అని చెప్పాను. భాయ్ గారు బేరింగు అన్నారు, ఎక్కింది బుష్, ఆయనా తప్పారు, అన్నాను. లెక్చరర్ గారు వెంటనే, ఒక విధంగా చూస్తే భాయ్ గారిది నిజమే కదమ్మా, అన్నారు. ఆయనకు మధ్య గ్లాసు ఇష్టముండదండీ అన్నాను. రెండు మాటల పక్కనా తప్పింది అని రాశాను. పెద్దాయన రాసిన మూడో మాటకు ఇంకా పదేళ్లుంది.

హవల్దారు గారు తీగబుట్టతో వచ్చి, ముందు రెండు గ్లాసులు తీసి నా ముందు పెట్టారు. రెండోది ఎవరికండీ అన్నాను.

"భాయ్ గారిది. ఆయన తప్పు నువ్వే ఒప్పుకున్నావుగా, నువ్వే తాగాలి. చల్లారిపోతోంది, కానివ్వమ్మా."

రెండూ తాగాను. రెండో గ్లాసు తాగుతుండగా బల్ల మీది బుష్‌ను తీసి చెవి దగ్గర పెట్టుకున్నాను. బుష్ తిరగదు, చప్పుడేమీ రాదు. అయినా కళ్లు మూసుకుని విన్నాను. తర్వాత చర్చల పుస్తకాన్నీ కలాన్నీ నాన్న ముందుకు జరిపాను. నేను చెప్తాను, ఎవరైనా రాయండి అన్నాను.

నాన్న కలం మూత తీశారు.

"పదేళ్లలో ఆటోనగర్‌లో చేసిన బేరింగు పరాయి దేశపు బండిలో తిరుగుతుంది."

ఆ మాట ఎవరిదో నాన్నకు తెలుసు. రాసి, పుస్తకాన్ని నా వైపు తిప్పారు. సంతకం నాది పెట్టాను.